రాత్రి మూడింటికి మేలుకుని ఉండేదెవరు?

గౌరవనీయులైన మహిళా, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఆస్పత్రిలో నర్సుని. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీ ఉంటుంది. ఆ రాత్రుళ్ళు మా బాబు క్రెష్‌లో పడుకుంటాడు. నాకు వేరే దారి లేదు. రాత్రిపూట పనిచేసే చాలామంది తల్లిదండ్రులకూ లేదు. ఇలాంటి క్రెష్‌లకు రాత్రి నిబంధనలు కావాలని అడగడానికే ఈ ఉత్తరం.

ఒకసారి డ్యూటీలో ఉండగా నాకే జ్వరం వచ్చింది. రాత్రి మూడింటికే పంపించేశారు. బాబును తీసుకెళ్దామని క్రెష్‌కి వెళ్ళి బెల్ నొక్కాను. మళ్ళీ నొక్కాను. ఫోన్ చేశాను. తలుపు తెరుచుకోవడానికి 12 నిమిషాలు పట్టింది. ఆయా కళ్ళు నులుముకుంటూ వచ్చింది. లోపల ఆరుగురు పిల్లలున్నారు. అప్పటికి ఐదు నెలల మా వాడు బోర్లా పడుకుని ఉన్నాడు, మెత్తటి దుప్పటి చెవుల దాకా కప్పి ఉంది. వాడికేమీ కాలేదు. కానీ ఆ 12 నిమిషాలు నన్ను ఇంకా వదల్లేదు.

ఆ ఆయా మీద నాకు కోపం లేదు. పొద్దున్న ఎనిమిదింటికి వచ్చి పనిలో దిగిన మనిషే రాత్రి కూడా ఉంది. అలాంటి మనిషి నిద్రపోక ఏం చేస్తుంది? పైగా ఆమె మెలకువగా ఉండాలని ఎక్కడా రాసి లేదు. అక్కడ గోడకు అంటించిన నిబంధనలు మర్నాడు నిలబడి మొత్తం చదివాను. ఆట వస్తువులు, మరుగుదొడ్లు, మంచినీళ్ళు, గేటు... అన్నీ పగటి సంగతులే. పగటి నిబంధనలనే సాగదీసి రాత్రికి కూడా కప్పేశారు.

నేను వార్డులో కునుకు తీస్తే మెమో ఇస్తారు. ఇవ్వాల్సిందే. మరి పసిపిల్లల దగ్గర రాత్రంతా ఉండే మనిషికి ఆ నియమం ఎందుకు లేదు?

అందుకే నేను అడిగేది ముఖ్యంగా ఒక్కటే. రాత్రి పిల్లలున్నంతసేపూ కనీసం ఒక పెద్ద మనిషి మేలుకుని ఉండాలి. ఆ మనిషి అంతకుముందు పగలు డ్యూటీ చేసి ఉండకూడదు. తనకు తోడుగా పిలిస్తే పలికే దూరంలో ఇంకొకరుండాలి. మిగతావన్నీ దీని తర్వాతే.

సీసీ కెమెరా ఉంది కదండీ అంటారు. ఉంది. కానీ ఆ తెర ముందు కూర్చునే మనిషి నిద్రపోతే కెమెరా ఏం చేస్తుంది? జరిగింది రికార్డు చేస్తుంది, అంతే.

ఏడాదిలోపు పిల్లల్ని ఎలా పడుకోబెట్టాలో వైద్యులు ఎప్పుడో తేల్చారు. నిద్రలోనే, కారణం తెలియకుండా పసికందులు చనిపోయే ప్రమాదం రెండు నుంచి నాలుగు నెలల వయసులో ఎక్కువ. పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని అమెరికాలో 1994లో పెద్ద ఎత్తున ప్రచారం మొదలుపెట్టారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో అక్కడ ఆ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. మందు లేదు, మిషను లేదు, పడుకోబెట్టే తీరు మారింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఇంట్లో వెల్లకిలా పడుకోవడం అలవాటైన బిడ్డను కొత్తచోట బోర్లా పడుకోబెడితే ప్రమాదం మరీ ఎక్కువ. క్రెష్‌లో జరిగేది సరిగ్గా ఇదే. బోర్లా వేస్తే ఏడుపు తొందరగా ఆగుతుంది కదా! అందుకని గట్టి, చదునైన పరుపు, వెల్లకిలా నిద్ర, తొట్టిలో దిండు, దుప్పటి, బొమ్మలు ఏవీ ఉండకపోవడం: ఇవి సలహాలుగా కాదు, నిబంధనలుగా రావాలి. కారులో వాడే పసిపిల్లల సీటులో నిద్రపోయి వచ్చిన బిడ్డను లేపడం ఎందుకని అందులోనే వదిలేస్తారు. తల ముందుకు వాలితే చిన్నపిల్లలకు ఊపిరి అందకపోవచ్చు. తీసి పరుపు మీద పడుకోబెట్టాలి.

గదిని మరీ చీకటి చేయకూడదు. పెదవుల రంగు, ఛాతీ కదలిక కనిపించేంత వెలుగు చాలు. పావుగంటకోసారి దగ్గరికెళ్ళి చూసి, టైము రాసి సంతకం పెట్టాలి. పొద్దున్నే అన్ని గళ్ళూ ఒకే పెన్నుతో ఒకేసారి నింపేసే రిజిస్టర్లు మా వార్డుల్లోనూ చూశాను, కాబట్టి ఆకస్మిక తనిఖీ కూడా రాత్రే జరగాలి.

నిప్పు సంగతి ఆలోచిస్తేనే టెన్షన్. పొగ అలారం మోగితే పెద్దవాళ్ళు లేస్తారు కానీ, గాఢనిద్రలో ఉన్న పిల్లలు చాలామంది లేవరు. ఆ మోత మోగుతున్నా అలాగే పడుకుంటారు. అంటే అలారం పిల్లల కోసం కాదు, వాళ్ళను ఎత్తుకుని బయటికి పరిగెత్తే మనిషి కోసం. గాఢనిద్ర నుంచి ఉలిక్కిపడి లేచిన మనిషికి కాసేపు ఏమీ తోచదు. ఆ మత్తులో తాళంచెవి వెతుక్కోవాలా? రాత్రి తలుపులు లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి. ఒక మనిషికి రెండు చేతులే. నడవలేని పిల్లలు ఎంతమంది, వాళ్ళను ఎత్తుకునే చేతులు ఎన్ని అన్న లెక్క మీదే సిబ్బంది సంఖ్య నిర్ణయించండి. చక్రాల తొట్టి ఉంటే అది గుమ్మంలో పట్టాలి. ఫైర్ డ్రిల్ కూడా ఒక్కసారైనా చీకట్లో చేయాలి.

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న మాట ఒకటుంది. నిద్రమత్తు తెచ్చే సిరప్ పోసి పిల్లల్ని పడుకోబెట్టడం. డాక్టరు చీటీ, తల్లిదండ్రుల సంతకం లేకుండా ఒక్క చుక్క కూడా పోయకూడదని రాయండి.

ఇవన్నీ పెడితే ఖర్చు పెరుగుతుందనీ, చిన్న క్రెష్‌లు మూతపడతాయనీ మీకు చెబుతారు. అందులో నిజముంది. మూతపడితే మా పిల్లలు ఇంకా ప్రమాదకరమైన చోట, తాళం వేసిన ఇంట్లో ఒంటరిగా పడుకోవాల్సి వస్తుంది. అందుకే మూసేయమని నేను అడగడం లేదు. మేలుకుని ఉండే ఆ ఒక్క మనిషి జీతంలో కొంత భాగం ప్రభుత్వం, కొంత మాతో రాత్రి పని చేయించుకునే యజమానులు భరించాలి. మా రాత్రి పని వల్ల లాభం వాళ్ళకే కదా.

నిబంధనల కాగితం మీద సంతకం పెట్టే ముందు ఒక్కసారి, ఎవరికీ చెప్పకుండా, తెల్లవారుజామున మూడింటికి ఏదో ఒక క్రెష్‌కి వెళ్ళండి. బెల్ నొక్కి, తలుపు తెరుచుకునేదాకా వాచీ చూసుకోండి.

ఇట్లు,
నైట్ డ్యూటీలో ఉన్న ఒక నర్సు