108లో పుట్టిన మా పాప తరఫున కృతజ్ఞతలు

మూడు రాత్రులుగా సరిగా నిద్ర లేదు, రాసిన దాంట్లో తప్పులుంటే క్షమించండి. ఇవాళ పొద్దున పాపని ఎస్ఎన్‌సీయూ (జబ్బుగా ఉన్న పసిపిల్లల్ని చూసే వార్డు) నుంచి తెచ్చి తల్లి పక్కన పడుకోబెట్టారు. ఇక ఈ మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మా చెల్లికి డాక్టర్లు చెప్పిన తేదీకి ఇంకా మూడు వారాలుంది. శుక్రవారం రాత్రి ఒంటిగంట దాటాక ఉమ్మనీరు పోయింది, వెంటనే నొప్పులు మొదలయ్యాయి. దమ్మాయిగూడలో మా ఇంటి నుంచి పది నిమిషాల దూరంలోనే తను ఎనిమిది నెలలుగా చూపించుకుంటున్న నర్సింగ్ హోమ్ ఉంది. ఆటోలో తీసుకెళ్లాం. గేటు పూర్తిగా తీయను కూడా తీయలేదు. "డాక్టరమ్మ లేరు, పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అన్నారు. బయటికొచ్చి ఒక్కసారి చెయ్యి పట్టి చూసినవాళ్లు లేరు. అక్కడే రోడ్డు మీద నిలబడి 108కి ఫోన్ చేశాను.

బండిలో పైలట్ అన్న, అంటే డ్రైవర్, దారిలో వైద్యం చేసే ఈఎంటీగా ఒక అమ్మాయి. ఇరవై ఆరేళ్లు ఉంటాయేమో. తన పేరు రాయొద్దని అడిగింది కాబట్టి రాయడం లేదు. ఈసీఐఎల్ దాటి మౌలాలి దగ్గరికొచ్చేసరికి తల కనబడుతోందని చెప్పి బండి పక్కకి ఆపించింది. ఫోన్ స్పీకర్‌లో కాల్ సెంటర్ డాక్టర్‌తో మాట్లాడుతూనే కాన్పు చేసింది.

పాప పుట్టింది. ఏడవలేదు.

ఒళ్లు నీలంగా ఉంది, చేతులూ కాళ్లూ వేలాడిపోతున్నాయి. ఆ అమ్మాయి పొడి గుడ్డతో తుడిచి వీపు గట్టిగా రుద్దింది. చలనం లేదు. గుప్పెడంత మాస్కు ముక్కూ నోరూ మూసుకునేలా పెట్టి, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్ నొక్కడం మొదలుపెట్టింది. నేను ఆ చిన్న ఛాతీనే చూస్తున్నాను. కదల్లేదు. తను కంగారు పడలేదు. తల కొద్దిగా సరిచేసి, మాస్కు మళ్లీ అదిమి పెట్టి నొక్కింది. ఈసారి ఛాతీ లేచింది. కళ్ల నిండా నీళ్లతో నేను చూస్తూ ఉండగానే పిల్లికూన అరిచినట్టు ఒక చిన్న ఏడుపు. పాపని తల్లి గుండెల మీద పడుకోబెట్టి నా చున్నీ కప్పింది. అప్పుడు చూశాను, తన చేతులు వణుకుతున్నాయి.

ఆసుపత్రిలో అప్పగించేసి వెళ్లిపోయింది. పొద్దున ఎనిమిదికి డ్యూటీ దిగి, అదే యూనిఫామ్‌తో, ఫ్లాస్కులో వేడినీళ్లు, ఒక బ్రెడ్ ప్యాకెట్ పట్టుకుని వార్డు వెతుక్కుంటూ మళ్లీ వచ్చింది. "అక్కా, పాప పాదాలు వెచ్చగున్నయా?" అని అడిగింది. రాత్రంతా ఏడవని నేను ఆ మాటకి తన భుజం మీద తల పెట్టి ఏడ్చేశాను. ఇంట్లో తనకీ ఏడాది పిల్ల ఉందట. నిద్ర లేచేసరికి అమ్మ కనబడాలి కదా. అయినా ముందు మా దగ్గరికే వచ్చింది.

అంత ధైర్యం ఎలా వచ్చిందని అడిగితే, నీళ్లు నింపిన బొమ్మ మీద నేర్చుకున్నామని చెప్పింది. నీళ్లు నింపితే నిజం పసిపిల్లంత బరువుంటుందట. ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరు చేస్తుంటే ఇంకొకరు తప్పులు పట్టాలట. "ఆర్నెల్లు చేయకపోతే చేతులు మర్చిపోతయి అక్కా, అందుకే మళ్ల మళ్ల చేస్తం" అంది.

నిన్న ఎస్ఎన్‌సీయూ బయట కూర్చుని దీని గురించి వెతికి చదివాను. 108 సేవ మొదలైందే మన హైదరాబాద్‌లో, 2005 ఆగస్టు 15న. 2007 నుంచి స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఎమర్జెన్సీ డాక్టర్లు ఇక్కడి వాళ్లతో కలిసి పారామెడిక్ శిక్షణ తయారుచేశారు. పుట్టగానే ఊపిరి తీసుకోని బిడ్డకి మొదటి నిమిషంలోనే ఊపిరి అందించాలనే పద్ధతిని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2010లో ఒక శిక్షణగా తెచ్చింది. ఆ మొదటి నిమిషాన్నే గోల్డెన్ మినిట్ అంటారు. ఆ నీళ్ల బొమ్మని రూపొందించింది నార్వేకి చెందిన లేర్డాల్ సంస్థ. ఎవరెవరో ఎక్కడెక్కడో కూర్చుని ఆలోచించింది, చేతులు మారి మారి, మౌలాలి రోడ్డు పక్కన మా పాప దాకా వచ్చింది. వాళ్లందరికీ దండం.

కానీ ఒక మాట అడగాలి. బండిలో తిరిగే అమ్మాయికి వచ్చిన పని, "24 గంటలూ కాన్పులు" అని బోర్డు పెట్టుకున్న చోట రాత్రిపూట ఒక్కరికీ రాదా? ఎనిమిది నెలలు స్కాన్లకీ టెస్టులకీ డబ్బు కట్టించుకున్నారు. గేటు దగ్గరే బిడ్డ పుట్టి ఉంటే ఏమయ్యేది? కాన్పులు చేసే ప్రతి చోటా రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకి ఆ బొమ్మ మీద శిక్షణ ఇవ్వాలి. ఒకసారి ఇచ్చి వదిలేయకుండా ఏడాదిలో రెండు మూడుసార్లు చేయించాలి. ఖరీదైన మిషన్లేం అక్కర్లేదు, ఒక బ్యాగు, ఒక మాస్కు, వచ్చిన చెయ్యి ఉంటే చాలు. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

అమ్మ, మా మరిది, చెల్లి అత్తగారు ఎలాగూ ఉన్నారు, వాళ్లకి వేరే థాంక్స్ చెప్పక్కర్లేదు.

పైలట్ అన్నా, గుంతల్లో కూడా చెల్లికి కుదుపు తెలియకుండా నడిపారు, థాంక్యూ. ఫోన్‌లో చివరి వరకూ లైన్‌లో ఉన్న డాక్టర్ గారికి కూడా. అయ్యో, ఆటో అన్నని మర్చిపోయాను, 108 వచ్చేదాకా మమ్మల్ని వదిలి వెళ్లలేదు, డబ్బులూ తీసుకోలేదు. వార్డులో బట్టలు మార్చిన ఆయమ్మకి కూడా.

ఇంకొకరు. మౌలాలి దగ్గర మా బండి ఆగినప్పుడు, వెనక నుంచి వచ్చే వాహనాలు గుద్దకుండా తన లారీని మా వెనకే అడ్డంగా ఆపి, ఇండికేటర్లు వేసుకుని, పాప ఏడుపు వినబడేదాకా నిలబడ్డ డ్రైవర్ అన్న. నేను మీ లారీ నంబర్ కూడా చూసుకోలేదన్నా.