ఎండలకు రా, ఇప్పపూల వేళకు

అచ్చంపేట

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. సంక్రాంతికి వచ్చి నల్లమల చూస్తానన్నావు. రా, సకినాలు తిను, కాదనను. కానీ అడవి చూడాలంటే ఎండలకే రావాలి. మన్ననూరు దాటాక చెట్లన్నీ మోడై, ఇక్కడేముందిరా చూడ్డానికి అనిపించే రోజుల్లోనే ఇప్పచెట్టు పూస్తుంది.

ముందు ఆకంతా రాల్చేసుకుంటుంది. మార్చి, ఏప్రిల్‌లో బోసికొమ్మల చివర గుత్తులు గుత్తులుగా మొగ్గలు వేలాడతాయి. విచ్చుకునేది రాత్రిపూట. ఆ వాసన నాకైతే పెద్దగా పడదు, పులిసిన పానకంలా ఉంటుంది. గబ్బిలాలకు మాత్రం అదే పిలుపు. తియ్యటి పువ్వు కోసం వచ్చి, మూతికి అంటిన పుప్పొడిని ఇంకో చెట్టుకు మోస్తాయి. తెల్లవారకముందే పూలు టపటపా రాలడం మొదలవుతుంది.

రాలిన పువ్వొకటి చేతిలోకి తీసుకుని చూడు. మీగడరంగు, కండపట్టిన చిన్న బుడ్డి, అడుగున బెజ్జం. ఆ బెజ్జంలోంచి జారి రాలింది పువ్వు, పిందె మాత్రం కొమ్మమీదే ఉండిపోయింది. అంటే కిందపడ్డది ఎవరెంత తిన్నా చెట్టుకు నష్టం లేదు! దుప్పులు, కొండముచ్చులు, ఎలుగులు, మనుషులు, అందరికీ అదే విందు. నీళ్లూ గడ్డీ కరువైన నెలల్లో ఇంత తీపి ఇంకెక్కడ దొరుకుతుంది?

టెన్షనంతా ఎలుగుతోనే. చెంచులు బుట్టలు పట్టుకుని చీకటితోనే ఏరడానికి బయలుదేరతారు, ఎలుగూ అదే వేళకు వస్తుంది. తల దించి తింటుంటే మనిషి దగ్గరికొచ్చేదాకా గమనించదు. ఉలిక్కిపడిందా, మీద పడ్డట్టే.

పండు జూన్, జూలైలకు వస్తుంది. పండినా ఆకుపచ్చగానే ఉంటుంది. గబ్బిలం నోట కరుచుకుని దూరంగా వేరే చెట్టుకు పోయి, గుజ్జు తిని గింజ పడేస్తుంది. ఇప్ప గింజ ఎక్కువకాలం నిలవదు, ఎండితే మొలిచే శక్తి పోతుంది. అందుకే వానలు పడే వేళకే పండుతుందేమో అనిపిస్తుంది. తునికి పండు సంగతి వేరు. దాన్ని ఎలుగు గింజతో సహా మింగి, ఎక్కడో మలంలో వదులుతుంది. ఇక మర్రి, జువ్వి అయితే ఒక్కో చెట్టు ఒక్కో నెలలో కాస్తుంది, పక్షులకు ఏడాదంతా ఏదో ఒకచోట తిండే.

నాకు బాధ ఒక్కటే. పూలు సులువుగా ఏరుకోవచ్చని చెట్టుకింద ఆకులకు నిప్పు పెడతారు, దాంతో మొలకలు మాడిపోతాయి. మిగిలిన గింజలు నూనెకు పోతాయి. పెద్ద ఇప్పల కింద పిల్లచెట్టు కనబడేది తక్కువ. పొట్టకూటికి ఏరుకునేవాళ్లను ఏమంటాం? నిప్పు మానేసి పాతచీర పరిచినా పనవుతుంది కదా.

ఏప్రిల్ మొదట్లో రా. రాత్రి 9 దాటితే శ్రీశైలం రోడ్డు గేటు వేసేస్తారు, పొద్దున 6కి గానీ తీయరు, కాబట్టి సాయంత్రానికే చేరుకో. పులుల రిజర్వ్ లోపలికి అనుమతులూ అవీ మనకెందుకు, ఊరిబయట గట్లమీద ఇప్పచెట్లు చాలు. టార్చిలైటు తెచ్చుకో, నాది పాడైంది.

నీ
యాదగిరి