‘ఆసక్తి’ ఒక్కటే సరిపోదు

తెలుగు బైబిలు చదివేవారికి ‘జేలోస్’ అనే గ్రీకు మాటకున్న రెండు ముఖాలు – మంచికోసం రగిలే రోషం, ఎదుటివాడిపై ఓర్వలేనితనం – కనబడడం లేదు. యేసు ఆలయం నుంచి వర్తకులను తరిమిన చోట (యోహాను 2:17) అది ‘ఆసక్తి’: ‘నీ యింటినిగూర్చిన ఆసక్తి నన్ను భక్షించును’. గలతీయులకు 5:20లో, చెడ్డ పనుల వరుసలో, అదే మాట ‘మత్సరం’. పైగా ఆసక్తి అంటే ఇప్పుడు క్రికెట్ మీద ఉండే ఇష్టంలాంటిదే, మనిషిని దహించే రోషం అందులో వినిపించదు. ‘ఆసక్తి మనిషిని ఎలా భక్షిస్తుంది?’ అని మా ఆదివారం తరగతిలో ఓ పిల్లాడు అడిగితే నాకు టెన్షన్ పట్టుకుంది. అరిస్టాటిల్ అయితే ఈ ‘జేలోస్’ను అసూయ నుంచి విడదీసి, ఎదుటివాడిలా తానూ ఎదగాలనుకునే మంచి గుణంగానే చెప్పాడు. కొత్త ముద్రణల్లో ఈ వచనాల కింద రెండు అర్థాలూ చూపే చిన్న ఫుట్‌నోట్ వేయాలి.

– ఒక పాఠకురాలు, గుంటూరు