పేరు చెప్పకుండా వెళ్ళిపోయిన మీకు

మా లైబ్రేరియన్ గారు పై అరలో పుస్తకం తీస్తూ నిచ్చెన మీద నుంచి పడిపోయినప్పుడు, కంగారులో మేమంతా ఆవిడను లేపి కుర్చీలో కూర్చోబెట్టబోయాం. "ఎవరూ కదపకండి" అని గట్టిగా చెప్పింది మీరే. తొడ ఎముక విరిగితే బయటికి చుక్క కనిపించకపోయినా లోపల 1 లీటరుకు పైగా రక్తం పోవచ్చని, కదిపితే ఇంకా ప్రమాదమని తర్వాత డాక్టరు చెబితే గానీ మాకు తెలియలేదు. అంబులెన్స్ వచ్చేదాకా మీరు నేల మీదే కూర్చుని, ఆవిడ చెయ్యి వదలకుండా మాట్లాడిస్తూనే ఉన్నారు.

ఆపరేషన్‌కు రక్తం కావాలంటే ముందు మీరే ఇచ్చారు. ఆ తర్వాత, ఆవిడ దగ్గర పుస్తకాలు తీసుకుని పెరిగినవాళ్ళందరికీ మా చేత ఫోన్లు చేయించి, రాత్రి తోడు ఎవరు, మందులు ఎవరు, ఖర్చు ఎవరెంత అని చీటీ రాసి నా చేతిలో పెట్టారు. సాయంత్రానికి ఆసుపత్రి వరండా నిండిపోయింది, మీరు మాత్రం లేరు. ఆ టెన్షన్‌లో పేరైనా అడగలేదు, అదే బాధ.

ఇప్పుడు ఆవిడ వాకర్ పట్టుకుని నడుస్తున్నారు. రోజూ మీ గురించే అడుగుతున్నారు. ఇది చూస్తే ఒక్కసారి రండి, చాలా చాలా థాంక్సండీ. మీకోసం ఒక పుస్తకం పక్కన పెట్టించారు, ఏ పుస్తకమో మాకు కూడా చెప్పడం లేదు.