బీడీ ఖార్ఖానాలోనే చదువు చెప్పించండి

తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కామారెడ్డి జిల్లాలో ప్రభుత్వ బడి టీచర్‌ని. మా అమ్మ బీడీలు చుట్టి నన్ను చదివించింది. చేట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు వేసి చుట్టి, దారం కట్టేది. పొద్దున కూర్చుంటే రాత్రికి గానీ వెయ్యి అయ్యేవి కావు. కట్టకు 25, నలభై కట్టలైతే వెయ్యి. ఈ లెక్క అమ్మకు ఎవరూ నేర్పలేదు, వేళ్లకే వచ్చేసింది. ఆ వెయ్యి ఖార్ఖానా పుస్తకంలో ఎంతని పడిందో మాత్రం చదువుకోలేకపోయింది.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు ఆ పుస్తకం తిరగేశాను. ఆ నెలలో అమ్మ 22 రోజులు బీడీలు ఇచ్చింది. పుస్తకంలో 14 రోజులే ఉన్నాయి. అమ్మకు చెబితే నమ్మలేదు. "రాసేటోళ్లు తప్పు రాస్తరా బిడ్డా?" అంది. పక్కింటి అత్త పుస్తకం కూడా చూశాను. అందులోనూ అంతే.

ఆ ఎనిమిది రోజులు ఒక్క నెల కూలీతో పోలేదు. బీడీ కార్మికులకు 1977 నుంచి పీఎఫ్ ఉంది. పుస్తకంలో రోజులు తగ్గితే పీఎఫ్ తగ్గుతుంది, ముసలితనంలో చేతికొచ్చేదీ తగ్గుతుంది. చివరికి ఆ డబ్బు తీసుకుందామని వెళ్తే ఇంకో తిప్పలు. ఆధార్‌లో అత్తగారింటి పేరు, పీఎఫ్‌లో పుట్టింటి పేరు. ఆ ఒక్క మాట దిద్దించడానికి ఏడు నెలలు తిరిగాం. ఓటీపీ వచ్చిన ప్రతిసారీ అమ్మ ఫోన్ పట్టుకుని నా కోసం ఎదురుచూసేది. టెన్షన్‌తో రాత్రుళ్లు నిద్రపోయేది కాదు.

వయోజన విద్య మా ఊరికి రాలేదని అనను. సాక్షర భారత్ 2009లో మొదలై 2018 మార్చి దాకా నడిచింది. డిగ్రీ చదువుతూ నేనూ కొన్నాళ్లు అందులో చదువు చెప్పాను. రాత్రి ఏడింటికి బడిలో క్లాసు. మొదటి వారం ముప్పై మంది వచ్చారు, నెల తిరిగేసరికి నలుగురు మిగిలారు. వాళ్లకు చదువంటే ఇష్టం లేక కాదండీ. గంటసేపు నా ముందు కూర్చుంటే దాదాపు వంద బీడీలు ఆగిపోతాయి. ఆ వంద ఎవరు చుట్టాలి? 2022 నుంచి ఉల్లాస్ పథకం ఉంది. పదిహేనేళ్లు దాటిన, చదువురాని వాళ్లందరికీ అది వర్తిస్తుంది కానీ వాలంటీర్ల మీదే ఆధారపడింది. పని గంటల సంగతి అందులోనూ తేలలేదు.

అందుకే నేను అడిగేది ఒక్కటే. చదువును ఖార్ఖానాకు తీసుకురండి. బీడీలు అప్పజెప్పి ఆకు, తంబాకు తీసుకోవడానికి ఆడవాళ్లు ఎలాగూ వరసలో కూర్చుంటారు. వారానికి రెండు రోజులు అక్కడే గంట క్లాసు పెట్టించండి. ఆ గంటకు వంద బీడీల కూలీ కట్టివ్వమని యజమానులను ఆదేశించండి. విద్యా శాఖ చెబితే వాళ్లు వినరు, కార్మిక శాఖ చెబితే వింటారు. ఇంటర్ చదివి ఊళ్లోనే ఉన్న కోడళ్లు చాలామంది ఉన్నారు. గౌరవ వేతనం ఇస్తే వాళ్లే చక్కగా చెబుతారు.

వాచకం కూడా మార్చాలి. మొదటి పాఠం ఎవరి ఖార్ఖానా పుస్తకం వాళ్లకే కావాలి: తేదీ, ఎన్ని బీడీలు ఇచ్చాను, ఎన్ని తీసేశారు, ఎంత కూలీ. తర్వాత పీఎఫ్ పాస్‌బుక్, ఆ తర్వాత ఫోన్‌లో వచ్చే మెసేజ్. తమ బతుకు గురించిన పాఠమైతే పెద్దవాళ్లు ఎంత దూరం వెళ్తారో నెల్లూరు జిల్లాలో చూశాం. అక్షరాస్యత క్లాసుల్లో సారా గురించి మాట్లాడుకున్న దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా ఆపించారు. అది ఉద్యమమై రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వమే సారాను నిషేధించాల్సి వచ్చింది.

ఇంటి దగ్గర కూర్చుని బీడీలు చుట్టేవాళ్లూ కార్మికులేనని 1966లోనే చట్టం ఒప్పుకుంది. కామారెడ్డి, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ జిల్లాల్లో ఈ పని చేసే ఆడవాళ్లు ఊరూరా ఉన్నారు. అన్నిచోట్లా ఒకేసారి కుదరకపోతే ఒక్క మండలంలో మొదలుపెట్టండి. బడి అయ్యాక నేనూ వచ్చి చెబుతాను.

దయచేసి ఒక్కరోజు పొద్దున్నే మా దగ్గరి ఖార్ఖానాకు రండి. వరసలో కూర్చున్న ఎవరో ఒకమ్మ చేతిలోని పుస్తకం తెరిచి, అందులో ఏం రాసి ఉందో చదివి చెప్పమని ఆమెనే అడగండి.

ఇట్లు,
ఒక బీడీ కార్మికురాలి కూతురు,
కామారెడ్డి జిల్లా