ఆ సినిమాకు వచ్చిన ఒక్క ఆస్కార్ దుస్తులకే

ఎడిటర్ గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో పాత హాలీవుడ్ కామెడీ ‘సమ్ లైక్ ఇట్ హాట్’ మీద అర పేజీ వ్యాసం వేశారు. తెలుగు పేపర్లో ఆ సినిమా గురించి అంత చోటు ఇచ్చినందుకు ముందుగా థ్యాంక్స్. పొద్దున్నే కాఫీ తాగుతూ తెరిచి, ఆ ఫొటో చూడగానే మా ఆవిడను పిలిచి మరీ చూపించాను. కానీ చదవడం పూర్తయ్యాక మనసు చివుక్కుమంది. వ్యాసంలో ముప్పావు భాగం హీరోయిన్ మార్లిన్ మన్రో షూటింగ్‌కి ఎంత ఆలస్యంగా వచ్చేది, చిన్న డైలాగ్‌కి ఎన్నెన్ని టేకులు తీసుకునేది, దాంతో మిగతావాళ్లు ఎంత విసిగిపోయారు, ఇదే. డైరెక్టర్ బిల్లీ వైల్డర్ పేరు ఒక్కసారి వచ్చింది. హీరోలు టోనీ కర్టిస్, జాక్ లెమన్ పేర్లు ఫొటో కింద చిన్న అక్షరాల్లో ఉన్నాయి. ఇంకెవరూ లేరు.

నాకు బాధ కలిగించింది ఒక్క విషయం. ఆ సినిమాకు ఆరు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి. దర్శకత్వానికి, లెమన్ నటనకు, స్క్రిప్టుకు, కెమెరాకు, ఆర్ట్ డైరెక్షన్‌కు, దుస్తులకు. ఆ ఏడాది ‘బెన్ హర్’ పదకొండు ఆస్కార్లు ఎగరేసుకుపోయింది, ఈ కామెడీకి దక్కింది ఒక్కటే. ఆ ఒక్కటీ బ్లాక్ అండ్ వైట్ చిత్రాల విభాగంలో దుస్తులకు వచ్చింది. దాన్ని అందుకున్న మనిషి పేరు ఓరీ కెల్లీ. మీ అర పేజీలో ఆయన పేరు లేదు.

నేను ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. మా నాన్నగారు తెనాలిలో నాటకాలకు డ్రెస్సులు కుట్టేవారు. తర్వాత బెజవాడ వచ్చి సత్యనారాయణపురంలో స్థిరపడ్డాం, ఇక్కడా అదే పని. రాత్రి పద్యనాటకం ఉందంటే మధ్యాహ్నం నుంచే ట్రంకు పెట్టెలు రిక్షాలోకి ఎక్కించేవాళ్లం. కిరీటాలు, భుజకీర్తులు, జరీ పంచెలు, సవరాలు, అన్నీ అందులోనే. కృష్ణుడు వేసేవారి పేరు, హార్మోనిస్టు పేరు, కాంట్రాక్టర్ పేరు కరపత్రం మీద పెద్దక్షరాల్లో వేసేవారు. మా నాన్న పేరు ఏ కరపత్రం మీదా నేను చూడలేదు. ఆయన అడగలేదు కూడా. కానీ కరపత్రాలన్నీ తెచ్చి దాచుకునేవారు.

ఆడవేషం కట్టే మగవాళ్లకు రవికె కుట్టడం అన్నిటికన్నా కష్టమని నాన్న చెప్పేవారు. మగవాడి భుజాలు వెడల్పుగా ఉంటాయి, నడుము ఒంపు ఉండదు, గొంతు దగ్గర ముడి బయటికి కనిపిస్తుంది. ఆ మెడను దాచాలి, భుజం మీద నుంచి చూపు మళ్లించాలి, అలాగని అతను చెయ్యెత్తి పద్యం పాడేటప్పుడు చంకలో పిగిలిపోకూడదు. హారాలు ఎక్కువ వేయడం, చేతులకు కుచ్చులు పెట్టడం, పైట మలుపు కాస్త పైకి తేవడం, ఇవన్నీ ఆయన చేత్తో చేసి చూపించిన పనులే.

బీసెంట్ రోడ్డు దగ్గర ఒక క్యాసెట్ల షాపులో అద్దెకు తెచ్చుకుని ‘సమ్ లైక్ ఇట్ హాట్’ మొదటిసారి చూసినప్పుడు నేను ముందు చూసింది హీరోయిన్ని కాదు, ఆ ఇద్దరు హీరోల మెడల్ని. కథ అందరికీ తెలిసిందే. 1929 షికాగో, మద్యనిషేధం రోజులు, ఇద్దరు బ్యాండ్ వాద్యగాళ్లు గ్యాంగ్‌స్టర్లు చేసిన హత్యలు కళ్లారా చూసి, ప్రాణభయంతో ఆడవేషాలు వేసుకుని ఆడవాళ్ల బ్యాండ్‌లో చేరి ఫ్లోరిడా రైలెక్కుతారు. వాళ్లిద్దరి గౌన్లకు మెడ దాకా వచ్చే కాలర్లు, కుచ్చులు చూడగానే నాకు నాన్న గుర్తొచ్చి ఒళ్లు పులకరించింది. ఎక్కడి తెనాలి, ఎక్కడి హాలీవుడ్! ఇద్దరూ ఒకే ఉపాయం పట్టారు.

ఆ తర్వాత ఓరీ కెల్లీ గురించి దొరికిందల్లా చదివాను. ఆయనది ఆస్ట్రేలియాలోని కయామా అనే చిన్న ఊరు, పుట్టింది 1897లో. తండ్రి దర్జీ. ఆ దర్జీ కొడుకు అమెరికా వెళ్లి మూడు ఆస్కార్లు తెచ్చుకున్నాడు, మూడోది ఇది. మొదట్లో హీరోలిద్దరికీ స్టూడియో గోదాములో ఉన్న పాత గౌన్లు సరిచేసి ఇద్దామనుకున్నారట, మాక్కూడా ఓరీ కెల్లీయే కుట్టాలని అడిగి చేయించుకున్నామని టోనీ కర్టిస్ తర్వాత చెప్పుకున్నారు. అడగకపోయి ఉంటే ఏమయ్యేదో ఒక్కసారి ఆలోచించండి. వేషం సరిగ్గా కుదరకపోతే వాళ్లను చూసి నవ్వేవాళ్లమే గానీ, మిగతా పాత్రలు వాళ్లను ఆడవాళ్లనే అనుకుంటున్నాయని రెండు గంటలపాటు నమ్మేవాళ్లం కాదు. ఆ నమ్మకం లేకపోతే ఈ సినిమానే లేదు.

కెమెరా చార్లెస్ లాంగ్ చూశారు. సినిమా బ్లాక్ అండ్ వైట్‌లో ఎందుకు తీశారో మీ వ్యాసంలో రాసి ఉంటే పిల్లలకు ఎంత ఉపయోగపడేదో. మార్లిన్‌కు కలర్లోనే తీయాలని ఉండేది. కానీ టెస్టులు తీస్తే మగవాళ్ల మొహాల మీద ఆ దట్టమైన మేకప్ ఆకుపచ్చగా కనిపించింది, అది చూపించి వైల్డర్ ఆమెను ఒప్పించారు. మేకప్ చేసినతని పేరు ఎమిల్ లవీన్. అర్దళం, ముర్దాసింగి లాంటి రంగుపొడులు మొహానికి రాసుకుని పెట్రోమాక్స్ లైటు ముందుకు వచ్చే నటులను చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి, ఏ వెలుతురులో ఏ రంగు ఎలా మారుతుందన్న ఆ టెన్షన్ నాకు తెలుసు. మార్లిన్ పాట పాడే సీన్లో ఆమె మీద పడే గుండ్రటి లైటు ఉంటుంది కదా, దాని అంచు సరిగ్గా ఆమె గౌను మెడ దగ్గర ఆగుతూ కదులుతూ ఉంటుంది. బట్ట ఎక్కడ అయిపోయిందో చీకటి ఎక్కడ మొదలైందో తెలియదు. కెమెరామన్‌కీ బట్టలు కుట్టేవాడికీ మాటా మాటా కలిస్తేనే అలాంటి షాట్ వస్తుంది.

నడక సంగతి కూడా చెప్పాలి. బార్బెట్ అని టెక్సాస్‌కు చెందిన ట్రపీజ్ కళాకారుడు ఉండేవారు, ఆడవేషంలో ఊయల మీద విన్యాసాలు చేసి యూరప్‌లో పెద్ద పేరు తెచ్చుకున్నారు. హీరోలిద్దరికీ ఆడవాళ్లలా నడవడం నేర్పడానికి ఆయన్ని పిలిపించారు. కర్టిస్ బుద్ధిగా నేర్చుకున్నారు. లెమన్ మాత్రం ఒప్పుకోలేదు, నా పాత్ర మరీ చక్కగా నడవకూడదు, మడమల మీద తడబడాలి, అదే కామెడీ అన్నారు. ఇద్దరిదీ రైటే! సినిమాలో చూడండి, ఒకరు మర్యాదగా మూతి బిగించి నడుస్తుంటే ఇంకొకరు ఎప్పుడు పడతారో అన్నట్టు ఉంటారు.

ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు స్థానం నరసింహారావు గారు గుర్తుకొస్తారు. మన బాపట్లలో 1902లో పుట్టిన మనిషి. సత్యభామగా ఆయన నడిచి వస్తే జడ విసిరే తీరు చూడ్డానికి ఆడవాళ్లు కూడా టిక్కెట్టు కొనుక్కుని వచ్చేవారని మా నాన్న చెబుతుండేవారు. ఆయనకు 1956లో పద్మశ్రీ ఇచ్చారు. ‘మీరజాలగలడా నా యానతి’ పాట ఈరోజుకీ మన ఇళ్లలో వినిపిస్తుంది, 1966లో వచ్చిన సినిమా వల్ల అందరికీ నోటికొచ్చు, కానీ దాన్ని రాసింది స్థానం వారే అని ఎంతమందికి తెలుసు? పాట మిగిలింది, రాసినవాడి పేరు జారిపోయింది. పక్క జిల్లా మనిషి విషయంలోనే ఇలా ఉంటే, ఎక్కడో కయామాలో పుట్టిన ఓరీ కెల్లీని మనం మర్చిపోవడంలో వింతేముంది అని మీరు అనవచ్చు. అలా అనుకోకుండా ఉండటానికే పేపర్లు ఉన్నాయని నా నమ్మకం.

ఇక రచన. ఇది అన్నిటికన్నా ముఖ్యం కాబట్టి కాస్త ఓపిక పట్టండి. స్క్రిప్టు వైల్డర్ ఒక్కరిదే కాదు, ఐ.ఎ.ఎల్. డైమండ్ అనే ఆయన పక్కన కూర్చుని రాశారు. వైల్డర్ 1906లో అప్పటి ఆస్ట్రియా-హంగరీలో పుట్టి, బెర్లిన్‌లో సినిమాలకు రాస్తూ, హిట్లర్ వచ్చాక 1933లో జర్మనీ వదిలి పారిపోయిన యూదు. డైమండ్ రుమేనియాలో పుట్టి చిన్నతనంలోనే అమెరికా వచ్చినవాడు. ఇద్దరికీ ఇంగ్లీషు పుట్టుభాష కాదు. అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2000లో వంద అమెరికన్ కామెడీలు ఎంచినప్పుడు మొదటి స్థానం వాళ్లిద్దరు రాసిన ఈ సినిమాకే ఇచ్చింది. ఇంగ్లీషు రాదని కుంగిపోయే మన పిల్లలకు ఈ ఒక్క విషయం చెప్పినా చాలు, ఎంత ధైర్యం వస్తుందో.

చివరి డైలాగ్ తెలియనివారు లేరు. పెళ్లి చేసుకుందాం అని వెంటపడే ముసలి కోటీశ్వరుడికి లెమన్ ఎన్ని సాకులు చెప్పినా వినడు, ఆఖరికి విగ్గు లాగేసి నేను మగవాణ్ణి అంటాడు, దానికి ఆయన చెక్కుచెదరకుండా లోపం లేని మనిషంటూ ఉండడు అంటాడు. ఆ మాట డైమండ్‌ది. ఇంకా మంచిది దొరికేదాకా ఇది ఉంచుదాం అనుకుని పెట్టారు, అంతకన్నా మంచిది దొరకలేదు. ఆ ముసలాయన వేషం జో ఇ. బ్రౌన్ వేశారు. చిన్నప్పుడు సర్కస్‌లో పనిచేసి వచ్చిన మనిషి, నోరు తెరిచి నవ్వితే తెరంతా నిండుతుంది. గ్యాంగ్‌స్టర్‌గా వేసిన జార్జ్ రాఫ్ట్ అయితే అంతకుముందే అలాంటి వేషాలకు పేరుపడ్డవారు, ఇందులో నవ్వించే ప్రయత్నమే చేయరు, అందుకే మనకు నవ్వొస్తుంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. లెమన్ తన నిశ్చితార్థం జరిగిందని కర్టిస్‌కు చెప్పే సీన్ ఉంది, చేతిలో మరకాస్ అనే గిలక్కాయల్లాంటి వాద్యాలు పట్టుకుని ఊపుతూ ప్రతి డైలాగ్ మధ్యలో రెండడుగులు ఆడతాడు. ఆ మరకాస్ వైల్డర్ ఇచ్చినవి. ఎందుకంటే ఒక డైలాగ్‌కి హాల్లో నవ్వులు పేలితే తర్వాతి డైలాగ్ వినపడకుండా పోతుంది, ఆ నవ్వు అయ్యేదాకా నటుడికి ఏదో పని ఉండాలి. పరిషత్తు నాటకాల్లో ఈలలు ఆగేదాకా మన నటులు కండువా సర్దుకుంటూ నిలబడటం నేను ఎన్నోసార్లు చూశాను. కానీ అక్కడ ఎదురుగా జనం ఉంటారు. ఇక్కడ ఎదురుగా కెమెరా తప్ప ఎవరూ లేకపోయినా, రేపు హాల్లో ఎక్కడెక్కడ ఎంతసేపు నవ్వుతారో ముందే లెక్కగట్టి తీశారు. ఆ ఖాళీలను ఎక్కడ ఉంచాలో తేల్చిన ఎడిటర్ ఆర్థర్ ష్మిట్. సంగీతం అడాల్ఫ్ డాయిచ్. సెట్లు టెడ్ హావర్త్. ఫ్లోరిడా అని మనకు చూపించిన ఆ సముద్రపు ఒడ్డు హోటల్ నిజానికి కాలిఫోర్నియాలో శాన్ డియేగో దగ్గర ఉన్న కొరోనాడో హోటల్. మీ వ్యాసంలో ఫ్లోరిడాలో తీశారని ఉంది, దయచేసి సవరించండి.

మార్లిన్ గురించి కూడా ఒక మాట. ఆలస్యాలు, టేకులు నిజమే, వైల్డరే ఎన్నోసార్లు చెప్పారు. కానీ ఆమె అప్పుడు గర్భిణి. షూటింగ్ అయ్యాక కొన్ని వారాలకే ఆ బిడ్డను పోగొట్టుకుంది. అదే సినిమాకు ఆమెకు ఉత్తమ నటిగా గోల్డెన్ గ్లోబ్ వచ్చింది. ఆలస్యం గురించి అంత రాసినవారు ఈ రెండు ముక్కలు రాయకపోవడం అన్యాయం, ఇది కాస్త కోపంగానే రాస్తున్నాను.

వైల్డర్ 2002లో పోయారు. అన్ని గొప్ప సినిమాలు డైరెక్ట్ చేసిన మనిషి సమాధి రాయి మీద డైరెక్టర్ అని లేదు. నేను రచయితను అని ఉంది, దాని కింద డైమండ్ రాసిన ఆ చివరి డైలాగే ఉంది.

నేను కోరేది పెద్దదేమీ కాదండి. ఇకమీద పాత సినిమా గురించి రాసినప్పుడు, అది హాలీవుడ్ అయినా మనదైనా, పక్కన చిన్న బాక్సు కట్టి కథ, కెమెరా, ఎడిటింగ్, ఆర్ట్, దుస్తులు, మేకప్, ఈ ఆరు పేర్లు వేయండి. నాలుగు అంగుళాల చోటు చాలు. మన గాంధీనగర్‌లో సినిమా ఆఫీసుల చుట్టూ తిరిగిన పాతకాలం వాళ్లు ఇంకా ఉన్నారు, హనుమంతరాయ గ్రంథాలయంలో నాటకాలకు మేకప్ వేసిన చేతులు ఇంకా ఉన్నాయి, మీ విలేకరి ఒక్కరోజు తిరిగితే ఎన్ని పేర్లు దొరుకుతాయో. వాళ్లు పోయాక అడగడానికి ఎవరూ ఉండరు.

మా నాన్న దాచిన కరపత్రాలు ట్రంకు పెట్టె నిండా నా దగ్గర ఉన్నాయి. కొన్నిటి వెనక ఆ రాత్రి ఏ నటుడికి ఏ కొలత రవికె పంపారో పెన్సిల్‌తో రాసుకున్నారు. మీకు పనికొస్తాయంటే మనిషిని పంపండి, ఫొటోలు తీసుకోనిస్తాను. ఆదివారాలు నేను ఇంట్లోనే ఉంటాను.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ