టర్కిష్ సెట్టింగ్‌లో మీ లైబ్రరీ పనిచేయకపోవడంపై ఫిర్యాదు

కస్టమర్ సపోర్ట్ విభాగం వారికి,

సెట్టింగ్‌లను చదివిపెట్టే మీ కాన్ఫిగరేషన్ లైబ్రరీని లైసెన్సు కొని మా జావా అప్లికేషన్‌లో వాడుతున్నాం. సిస్టమ్ భాషగా టర్కిష్ పెట్టుకున్న యూజర్ల దగ్గర అది లాగిన్ కూడా దాటడం లేదు. "సెట్టింగ్ దొరకలేదు" అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. ఇంగ్లిష్‌లో నిక్షేపంలా నడుస్తోంది.

కారణం మేమే వెతికి, లాగ్‌తో సహా మీ టికెట్‌లో పెట్టాం. సెట్టింగ్ పేర్లను మీ కోడ్ చిన్నక్షరాల్లోకి మార్చి వెతుకుతుంది. అలా మార్చే ఫంక్షన్‌కి లొకేల్, అంటే ఏ భాష నియమాలు పాటించాలో చెప్పే సెట్టింగ్, ఇవ్వకుండా వదిలేశారు. ఇవ్వకపోతే జావా ఆ మెషిన్ లొకేల్‌నే తీసుకుంటుంది. టర్కిష్‌లో ఐ అక్షరం రెండు రకాలు, చుక్క ఉన్నది వేరు, లేనిది వేరు. మామూలు పెద్దక్షరం ఐకి (I) చుక్క లేదు కాబట్టి చిన్నదయ్యాక కూడా చుక్క రాదు (ı), అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్‌లో 0131 అవుతుంది. పెద్దక్షరాల్లో రాసిన 'క్లయింట్ ఐడీ'లో (CLIENT ID) ఆ అక్షరం రెండుసార్లు వస్తుంది. రెండు చోట్లా చుక్క ఎగిరిపోయాక మీ పట్టికలో ఆ పేరు ఎలా దొరుకుతుంది? లాగ్‌లో కళ్లు చికిలించి చూస్తే తప్ప తేడా కనపడదు కూడా.

ఇదేమీ ఎవరికీ తెలియని వింత కాదు. జావా డాక్యుమెంటేషన్‌లోనే టర్కిష్ ఉదాహరణ ఇచ్చి, ఇలాంటి స్ట్రింగ్‌లకు (అక్షరాల వరుసలకు) ఏ భాషకూ చెందని లొకేల్ రూట్ వాడమని రాశారు.

అసలు కోపం వచ్చింది మీ జవాబు చూశాక. "యూజర్లను ఇంగ్లిష్‌కి మారమనండి" అని రాసి టికెట్ మూసేశారు. చెప్పు కరుస్తోందంటే కాలు కోసుకోమన్నట్టుంది. తన భాషలో కంప్యూటర్ వాడుకోవడం యూజర్ తప్పా? అజర్‌బైజానీ పెట్టుకున్నవాళ్లకూ ఇదే గతి.

టికెట్ మళ్లీ తెరిచి, మేం వాడుతున్న వెర్షన్‌కే ప్యాచ్ ఇవ్వండి. దీనికోసం కొత్త వెర్షన్ కొనమంటే ఒప్పుకోం. టర్కిష్ కోసం ప్రత్యేకంగా ఒక ఇఫ్ కండిషన్ పెట్టి చేతులు దులుపుకోవద్దు. సెట్టింగ్ పేర్లు, ఫైల్ ఎక్స్‌టెన్షన్లు లాంటి, ప్రోగ్రామ్ చదువుకునే ప్రతి స్ట్రింగ్‌కీ లొకేల్ రూట్ ఇవ్వాలి. అలాగని కనపడ్డ చోటల్లా అదే పెట్టేయకండి, స్క్రీన్ మీద మనుషులు చదివే పేర్లు యూజర్ లొకేల్‌లోనే మారాలి. జర్మన్‌లో ఎస్‌జెట్ (ß) అక్షరం పెద్దక్షరాల్లోకి మారిస్తే రెండు ఎస్‌లవుతుంది కాబట్టి, స్ట్రింగ్ పొడవు మారదనుకుని రాసిన కోడ్ ఉంటే అదీ చూడండి.

విడుదలకు ముందు టెస్టులన్నీ ఒకసారి టర్కిష్ లొకేల్‌లో నడపండి. ప్యాచ్ ఎప్పటికి ఇస్తారో ఈ వారంలోగా రాతపూర్వకంగా చెప్పాలి. లేదంటే లైసెన్సులో మిగిలిన కాలానికి డబ్బు వాపసు ఇవ్వండి.

ఇట్లు,
అప్లికేషన్ డెవలప్‌మెంట్ బృందం తరఫున